ఇంటికి పిట్టగోడ, మందుకు తాళం



సార్వా వరిచేలల్లో సుడిదోమ కనబడిన రోజుల్లో మండపేట చుట్టుపక్కల పల్లెల్లో గాలి కూడా పురుగుమందు వాసన వేస్తుంది. ఆ రోజుల్లో మా క్యాజువాల్టీ సిస్టర్లు అట్రోపిన్ ఇంజెక్షన్లు ఎప్పటికంటె ఎక్కువ తెప్పించి ఉంచుకుంటారు. చేనుకోసం కొన్న మందు మనిషి కడుపులోకి పోవడం మన ప్రాంతపు ఆసుపత్రులకు కొత్త సంగతి కాదు. మేము ఆలస్యంగా నేర్చుకున్న సంగతి మరొకటి ఉంది. అది మా పొరపాటు వల్ల నేర్చుకున్నాము గనుక ముందు ఆ పొరపాటే చెబుతాము.

కొన్నేళ్ళ క్రితం ఇంటరు తప్పిన ఒక కుర్రవాడిని రాత్రివేళ ఆటోలో తీసుకువచ్చారు. తండ్రి నాలుగు మాటలు గట్టిగా అన్నాడట. పిల్లవాడు విసురుగా పశువుల పాకలోకి వెళ్ళాడు. అక్కడ చూరులో దోపిన డబ్బా చేతికి అందింది. ఆరు రోజులు మా వాళ్ళు కంటిమీద కునుకు లేకుండా కాపలా కాశారు. నాడి చూడడం, కంటిపాప చూడడం, నోట ఊరే నురగ తీసివేయడం, మళ్ళీ ఇంజెక్షను. తెలివి వచ్చాక ఆ కుర్రవాడు అన్న మొదటి మాట, "సిస్టర్, నేను బతుకుతానా?" అని. బతికాడు. తల్లి మా చేతులు పట్టుకుని ఏడ్చింది. ప్రార్థన చేసి, బుద్ధులు చెప్పి ఇంటికి పంపించాము.

నాలుగు నెలలకు ఆ కుర్రవాడే మళ్ళీ వచ్చాడు. అదే పాక, అదే చూరు, అదే డబ్బా. ఈసారి దక్కలేదు.

ఆ ఆరు రోజుల్లో మేము ఆ తల్లిదండ్రులను ఎన్నో ప్రశ్నలు అడిగాము. ఎప్పుడు తాగాడు, ఏ మందు, అంతకుముందు ఏమి తిన్నాడు అని అడిగాము. ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. మిగిలిన మందు ఎక్కడుంది?

అక్కడి తుపాకీ, ఇక్కడి డబ్బా

ఈ ప్రశ్న విలువ మాకు మరింత తెలియజేసినది మన సంఘంలోని ఒక అమ్మగారు. ఆమె కూతురి దగ్గర ఉండడానికి అమెరికా వెళ్ళివచ్చారు. అక్కడ మనవడిని ఆడుకోవడానికి స్నేహితుడి ఇంటికి పంపే ముందు కూతురు ఆ ఇంటివారికి ఫోన్ చేసి, "మీ ఇంట్లో తుపాకీ ఉందా? తాళం వేసి ఉందా?" అని అడిగిందట. "ఎదుటివాళ్ళు ఏమనుకుంటారే!" అని ఈవిడ బెంగపడ్డారు. వారేమో ఏమీ అనుకోకుండా జవాబు చెప్పారట.

ఆ దేశంలో పిల్లల వైద్యుల సంఘమే తల్లిదండ్రులకు ఈ సలహా ఇస్తుంది. ఇంట్లో తుపాకీ లేకపోవడం అన్నిటికంటె మంచిది. ఉంటే గుండ్లు తీసివేసి తాళం వేయాలి, గుండ్లు వేరేచోట మరో తాళం కింద ఉంచాలి. తుపాకీ మరణాలు అనగానే మనకు దుకాణాల్లోను, బళ్ళలోను జరిగే కాల్పులే గుర్తుకు వస్తాయి. నిజానికి ఆ దేశంలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. అందుచేత అక్కడ తాళం దొంగల కోసం మాత్రమే కాదు, సొంత ఇంటివారి చెడ్డ గడియ కోసం కూడా.

మన ఇళ్ళలో తుపాకీ ఉండదు. లైసెన్సు లేనిదే ఎవరూ ఉంచుకోరాదు. కాని పురుగుమందు డబ్బాకు లైసెన్సు అక్కరలేదు. మంచం కింద, ధాన్యం బస్తాల వెనుక, అటక మీద, పాక చూరులో అది పడి ఉంటుంది. అక్కడ తుపాకీ చేసే పనిని ఇక్కడ ఆ డబ్బా చేస్తోంది. మన దేశంలో 2022లో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని ప్రభుత్వ లెక్క. వారిలో దాదాపు నాలుగో వంతు మంది విషం వల్ల పోయారు.

ఆ ఒక్క గంట

మా వార్డులో బతికి బయటపడినవారిలో చాలామంది చెప్పేది ఒకటే. ముందునుండి అనుకున్నది కాదు సిస్టర్, ఆ కోపంలో చేతికి అందింది అంటారు. అందరి సంగతీ ఇంతేనని మేము అనము. అప్పులు, తాగుడు, ఇంట్లో హింస, తగ్గని జబ్బు, మనోవ్యాధి ఎన్నో ఉంటాయి. వాటికి వేరే సహాయం కావాలి. కాని ఏ బాధకైనా సహాయం అందాలంటే మనిషి ఆ గంట దాటాలి కదా. ఒకసారి బతికి బయటపడినవారిలో అత్యధికులు ఆ తరువాత ఆత్మహత్యతో చనిపోరని అనేక దేశాల్లో జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి. చావాలనుకున్నవాడు ఎలాగైనా చస్తాడు అనే మాట నిజం కాదు. చేతికీ డబ్బాకూ మధ్య దూరం పెరిగితే ప్రాణం నిలిచే అవకాశం పెరుగుతుంది.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలో కొత్త ఇల్లు కట్టుకునేవాడికి దేవుడిచ్చిన ఆజ్ఞ ఒకటి ఉంది. మేడ చుట్టూ పిట్టగోడ కట్టించాలి, లేకపోతే అక్కడినుండి ఎవరైనా పడినప్పుడు ఆ దోషం ఇంటిమీదికి వస్తుంది. పడినవాడు ఎందుకు పడ్డాడు, జాగ్రత్తగా నడవకూడదా అని దేవుడు అక్కడ అడగలేదు. గోడ కట్టావా అని ఇంటి యజమానినే అడుగుతున్నాడు. పురుగుమందు ఉన్న ఇంటికి కూడా పిట్టగోడ కావాలి.

ఇంటివారు చేయవలసినవి

1. మందు ఇంటికి తేకపోవడం అన్నిటికంటె మేలు. ఈ పిచికారీకి ఎంత కావాలో అంతే కొని, ఆ రోజే వాడేయండి. చవకగా వస్తుందని పెద్ద డబ్బా కొనవద్దు.

2. మిగిలితే ఇల్లు, పశువుల పాక కాకుండా వేరేచోట, తాళం వేసే గట్టి పెట్టెలో ఉంచండి. తాళంచెవి మేకుకు తగిలించవద్దు. పెద్దవారిలో ఒకరి దగ్గరే ఉండాలి. ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉన్నా, ఇదివరకు ఒకసారి ప్రయత్నించినా, ఆ పెట్టె మీ ఇంటి ఆవరణలోనే ఉండకూడదు.

3. కూల్‌డ్రింకు సీసాల్లోను, నీళ్ళ సీసాల్లోను మందు పోయవద్దు. రెండేళ్ళ పిల్లవాడికి సీసా రంగే తెలుస్తుంది, లోపల ఏముందో తెలియదు. అలా తాగిన పసివాళ్ళను కూడా మేము చూశాము.

4. డబ్బా మీది త్రికోణం చూడండి. ఎరుపు అన్నిటికంటె ప్రమాదకరం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు, పసుపు రంగులవి కాకుండా అదే పురుగుకు పనిచేసే వేరే మందు ఉందా అని వ్యవసాయ సహాయకుణ్ణి అడగండి. ఆకుపచ్చ అంటే అపాయం లేదని మాత్రం అనుకోవద్దు.

5. ఖాళీ డబ్బా కడిగి నీళ్ళకు, ఉప్పుకు వాడుకోవద్దు. కన్నాలు పొడిచి పనికిరాకుండా చేయండి. కాలువలో పారవేయవద్దు.

తాళం ఒక్కటే చాలునా?

చాలదు. ఈ మాట కూడా నిజాయితీగా చెప్పాలి. శ్రీలంకలో అనూరాధపురం ప్రాంతంలో 180 గ్రామాల్లో, 53 వేలకు పైగా ఇళ్ళతో పెద్ద పరిశీలన చేశారు. సగం గ్రామాల్లో ఇంటింటికీ తాళం పెట్టెలు ఇచ్చారు. 2017లో వెలువడిన ఫలితం చూస్తే, పెట్టెలు ఇచ్చిన గ్రామాల్లో విషం తాగేవారు తగ్గలేదు. మాకు తోచిన కారణం ఇది: పెట్టె ఇంట్లోనే, తాళంచెవీ ఇంట్లోనే. పిట్టగోడకు గుమ్మం పెట్టినట్టే కదా.

ఆ దేశంలోనే మరొక పని మాత్రం ఫలించింది. అతి ప్రమాదకరమైన మందులను 1995 నుండి ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చారు. తరువాతి రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. వరి దిగుబడి పడిపోలేదు. తమిళనాడులో కడలూరు జిల్లాలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్‌గారి బృందం రెండు గ్రామాల్లో ఉమ్మడి మందుల గది కట్టించింది. రైతులకు అందులో విడివిడిగా తాళం పెట్టెలు ఇచ్చారు. మందు అక్కడ ఉంటుంది, కావలసినప్పుడు తెచ్చుకుంటారు. ఆ పద్ధతిని రైతులు ఒప్పుకున్నారు, ఫలితమూ ఆశాజనకంగా కనబడింది.

మన దేశంలోను కదలిక ఉంది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపించింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 18 మందుల నిషేధానికి ఉత్తర్వు ఇచ్చింది. వాటిలో ఆరింటికి 2020 చివరి వరకు గడువు ఇచ్చారు. 2023లో మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావకం మీద నిషేధం ప్రకటించారు. ఇవి వాటంతట అవి రాలేదు. డాక్టర్లు, రైతు సంఘాలు, మామూలు పౌరులు అడగగా అడగగా వచ్చాయి.

కనుక మనము కూడా అడగాలి. సొసైటీలోను, రైతు సేవా కేంద్రంలోను ఊరికొక ఉమ్మడి మందుల గది కావాలని పంచాయతీని అడుగుదాము. నిషేధించిన మందు కొట్టులో కనబడితే వ్యవసాయ అధికారికి తెలియజేద్దాము. తాగి ఉన్నవారికి, కన్నీళ్ళతో ఒంటరిగా వచ్చినవారికి, చిన్నపిల్లలకు మందు అమ్మవద్దని కొట్టువారిని బతిమాలుదాము. పాస్టరుగార్లు ఇళ్ళు దర్శించినప్పుడు, స్త్రీల సమాజం వారు ప్రార్థనకు వెళ్ళినప్పుడు, "మీ మందు డబ్బా ఎక్కడ పెట్టారమ్మా?" అని ఒక్క మాట అడగండి. ఎదుటివారు ఏమనుకుంటారో అని జంకవద్దు.

ఎవరైనా మందు తాగితే

వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండిమీద దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఉప్పునీళ్ళు, కుంకుడు రసం, పేడనీళ్ళు పోయవద్దు. గొంతులో వేళ్ళు పెట్టి వాంతి చేయించవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మరింత ప్రమాదం. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మందు పడిన బట్టలు విప్పి ఒంటిని సబ్బుతో కడగండి, మీ చేతులకు ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోండి. డబ్బా లేక దాని మీది చీటీ వెంట తీసుకురండి. కొందరికి మొదట బాగానే ఉంటుంది, ఆ తరువాత ఒక్కసారిగా దిగజారుతుంది. బాగానే ఉన్నాడని ఇంట్లో ఉంచవద్దు.

పోలీసు కేసు అవుతుందని, పరువు పోతుందని ఆలస్యం చేసి ప్రాణం పోగొట్టుకున్న కుటుంబాలను చూశాము. 2018 మే నుండి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. ఆసుపత్రి పోలీసులకు సమాచారం ఇస్తుంది, అది పద్ధతి. దానికి భయపడి రోగిని దాచవద్దు.

చనిపోవాలనే తలంపు వస్తున్నవారు ఎవరితోనైనా చెప్పండి. టెలి మానస్ 14416 నంబరుకు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మా దగ్గరకు వచ్చినా కూర్చోబెట్టి వింటాము. ఇంట్లోవారు కూడా అలాంటి తలంపు ఉందా అని నెమ్మదిగా అడగవచ్చు. అడిగినంత మాత్రాన లేని తలంపు పుట్టదు.

ఇప్పుడు మా వార్డునుండి ఇంటికి వెళ్ళే ప్రతి విషం కేసు రోగి కుటుంబాన్ని సిస్టర్లు ఆ ప్రశ్న అడుగుతున్నారు. మందు ఎక్కడుందో తెలుసుకుని, రోగి ఇల్లు చేరకముందే దాన్ని అక్కడినుండి తీయించమని చెప్పి, తీశారో లేదో ఫోన్ చేసి కనుక్కుంటున్నారు. ఇది పెద్ద వైద్యమేమీ కాదు. ఆ కుర్రవాడి తల్లికి మేము ఆ రోజు ఈ మాట చెప్పి ఉంటే అనే తలంపు మమ్మల్ని ఇంకా విడిచిపెట్టలేదు.

ఫిలిప్పీ చెరసాలలో భూకంపం వచ్చిన రాత్రి ఆ చెరసాల నాయకుడు ఖైదీలు పారిపోయారనుకుని కత్తి దూశాడు. పౌలు చీకటిలోనుండి కేక వేసి, తాము అందరమూ ఇక్కడే ఉన్నామని, హాని చేసుకోవద్దని చెప్పాడు. ఆ రాత్రే ఆ మనిషి తన ఇంటివారందరితో కలిసి సంతోషించాడు. ఆపదలో ఉన్న పొరుగువాడికి మనము ఇక్కడ ఉన్నామని వినబడేలా చెబుదాము. అంతకంటె ముందు, ఈ సాయంత్రమే మీ ఇంట్లో ఆ డబ్బా ఎక్కడుందో వెళ్ళి చూడండి.