కోట కన్నా కొండే వింత

జోధ్‌పూర్ వెళ్లినవాళ్లంతా మెహ్రాన్‌గఢ్ కోటను తలెత్తి చూస్తారు. 1459లో రావ్ జోధా పునాది వేసిన కోట అది. చూపు కాస్త దించి, కోటను మోస్తున్న కొండనూ చూడాలి. సుమారు 75 కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వతాలు కక్కిన బూడిదే గట్టిపడి ఆ రాయి అయింది.

థార్ ఎడారిలో ఇలాంటి రాళ్లు దాదాపు 51 వేల చదరపు కిలోమీటర్ల మేర ఉన్నాయి. కొన్ని గుట్టలుగా పైకి తేలాయి, మిగతావి ఇసుక కింద ఉన్నాయి. భూగర్భ శాస్త్రవేత్తలు వీటిని మలానీ శిలలంటారు. దేశంలో అతి పెద్ద లావా ప్రాంతం ఇదేనంటే మాత్రం ఒప్పుకోకూడదు. ఆ రికార్డు దక్కన్ లావాది. మన ఆదిలాబాద్, వికారాబాద్ వైపు నల్లరేగడికి తల్లిరాయి అదే. సిలికా ఎక్కువుండే రయోలైట్ రకంలో మాత్రం మన దేశంలో మలానీని మించింది లేదు. వయసులోనూ దక్కన్ కన్నా పదకొండు రెట్లు పెద్దది.

దక్కన్ లావా లేతపాకంలా పారింది. రయోలైట్ ముదురుపాకం, అంత తేలిగ్గా కదలదు. లోపలి వాయువులకు దారి దొరక్క పేలిపోతుంది. అలా ఎగసిన బూడిద సెగ తగ్గకముందే కుప్పపడితే, అందులోని గాజు పెంకులు మెత్తబడి, పైబరువుకి అణిగి అతుక్కుపోతాయి. అదే వెల్డెడ్ టఫ్. చల్లారుతూ కుంచించుకుపోయి నిలువునా పగిలితే స్తంభాలు వరుసకట్టినట్టు కనిపిస్తుంది. జోధ్‌పూర్‌లోని ఈ రాతిని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించారు.

కోట గోడలది మాత్రం ఇసుకరాయి. అగ్నిపర్వతాలు చల్లారి, అరిగి, చదునయ్యాక వాటిమీద నీళ్లు పరిచిన ఇసుక అది. రెండు రాళ్ల మధ్య పది కోట్ల ఏళ్లకు పైనే తేడా. ఆ రెండూ కలిసే అంచు కూడా జాతీయ స్మారకమే.

మలానీకి ఈడైన గ్రానైట్ హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో ఉంది. ఆ నేల ఒకప్పుడు మనతో కలిసి ఉండేది. డైనోసార్లు అంతరించిన కాలానికి కాస్త అటూ ఇటూగా విడిపోయింది.

మళ్లీ జోధ్‌పూర్‌కి వస్తే, కోట పక్కన ఈ మలానీ రాతినేలలోనే రావ్ జోధా డెజర్ట్ రాక్ పార్క్ ఉంది. 2006లో పని మొదలైనప్పుడు అక్కడంతా సర్కారు తుమ్మే. రాతి పగుళ్లలో దిగిన దాని వేళ్లను పెకలించడానికి యంత్రాలు కాదు, ఇసుకరాయి గనుల్లో పనిచేసే ఖండ్వాలియాలు కావాల్సి వచ్చింది. వాళ్లు సుత్తితో బండను తట్టి, చప్పుడును బట్టి ఎక్కడ చెక్కాలో తేల్చారు. అలా చెక్కిన గుంతల్లోనే ఎడారి మొక్కలు నాటారు.