దుబాసీని వెతికే ఇన్‌స్టాలరు

పూర్వం చెన్నపట్నంలో ఇంగ్లీషు వర్తకులకు మన భాషలు రావు, మన వర్తకులకు ఇంగ్లీషు రాదు. మధ్య దుబాసీ ఉంటేనే బేరం సాగేది. కంప్యూటరులో కూడా ఇలాంటి దుబాసీలు ఉన్నాయి. వాటిని 'రన్‌టైమ్' అంటారు.

1995లో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ జావా భాషను విడుదల చేసింది. జావాలో రాసిన ప్రోగ్రామును బైట్‌కోడ్ అనే మధ్యభాషలోకి మారుస్తారు. రన్‌టైమ్ దాన్ని చదివి, ఆ కంప్యూటరుకు తెలిసిన యంత్రభాషలో పని చేయిస్తుంది. అందుచేతనే ఒకే ప్రోగ్రాము విండోస్ మీదా, లినక్స్ మీదా కూడా నడవగలదు.

కొత్త ప్రోగ్రామును కంప్యూటరులో అమర్చేది ఇన్‌స్టాలరు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇన్‌స్టాలరు కూడా జావాలోనే రాసినదైతే, అది నడవటానికే దుబాసీ కావాలి గదా! మరి ఆ దుబాసీని వెతికేదెవరు? ఇందుకోసం ఇన్‌స్టాలరుకు ముందు, యంత్రభాషలోనే ఉన్న ఒక చిన్న ప్రోగ్రామును తగిలిస్తారు. దానికి దుబాసీతో పని లేదు.

అది ముందుగా తన మూటలోనే రన్‌టైమ్ ఉన్నదేమో చూస్తుంది. లేకపోతే 'జావా హోమ్' అనే పేరు కింద ఎవరైనా చిరునామా రాసిపెట్టారేమో చూస్తుంది. 'పాత్' అనే జాబితాలోని ఫోల్డర్లను గాలిస్తుంది. విండోస్ అయితే రిజిస్ట్రీ అనే చిట్టా కూడా తిరగేస్తుంది. వీటిలో ఏది ముందో, ఏది వెనకో ఇన్‌స్టాలరును తయారుచేసినవారు నిర్ణయిస్తారు.

దుబాసీ దొరికితే చాలదు, దాని చదువు ఎంతో తెలియాలి. ప్రతి బైట్‌కోడ్ ఫైలు మొదట్లోనూ ఒక సంఖ్య ఉంటుంది. 2014లో వచ్చిన జావా 8కి అది 52. 2021లో వచ్చిన జావా 17కి 61. 61వ తరగతి పాఠాన్ని 52తో ఆగిపోయినవాడు చదవలేడు. అందుచేత జావా 8 ఆ ఫైలును నడపనంటుంది. కొత్త దుబాసీలు పాత ఫైళ్ళను సాధారణంగా చదవగలవు. అయితే 2018లో జావా 11 నుంచి కొన్ని పాత సౌకర్యాలను తీసివేశారు. వాటి మీద ఆధారపడిన ప్రోగ్రాములకు కొత్త దుబాసీ పనికిరాదు. అందుకే ఇన్‌స్టాలరు "ఇంతకు తక్కువ కాకూడదు, ఇంతకు మించకూడదు" అని రెండు హద్దులు పెట్టుకోవచ్చు.

ఇంత వెతుకులాట ఎందుకు, ప్రతి ప్రోగ్రామూ తన దుబాసీని తనే తెచ్చుకోరాదా అంటారేమో! ఇప్పుడు చాలా ప్రోగ్రాములు అలాగే చేస్తున్నాయి. 2017లో జావా 9తో వచ్చిన 'జేలింక్' అనే పనిముట్టు, రన్‌టైమ్‌లో అవసరమైన భాగాలను మాత్రమే ఏరి మూట కడుతుంది. కాని దీనికీ ఖర్చు ఉంది. పది ప్రోగ్రాములు పది దుబాసీలను తెస్తే చోటు ఎక్కువ పడుతుంది. దొంగలు దూరే కన్నం ఒకటి బయటపడితే, పదింటినీ విడివిడిగా బాగుచెయ్యాలి. ఒకే దుబాసీని అందరూ పంచుకుంటే ఒకసారి బాగుచేస్తే చాలు. అయితే దాన్ని తీసేసిననాడు అందరి పనీ ఆగిపోతుంది!

కనుక కంప్యూటరులో పాత జావా కనిపిస్తే, ఎందుకులే అని తొందరపడి తీసెయ్యకండి. దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాము ఏదైనా ఉన్నదేమో ముందు పెద్దలతో కలిసి చూడండి.