పూతరేకంత పల్చని కారు

ఆత్రేయపురం పూతరేకును వేళ్ల మధ్య పట్టుకుంటే బరువే తెలియదు. 1956లో ఇంగ్లండ్‌లో లోటస్ కార్ల రూపకర్త కాలిన్ చాప్‌మన్ కారు గురించి కూడా అలాగే ఆలోచించాడు. పెద్ద ఇంజన్ కోసం పరుగులు పెట్టలేదు, ముందు బరువు తగ్గించాడు. అలా పుట్టిందే లోటస్ ఎలెవెన్.

సన్నని ఉక్కు గొట్టాలను అతికించి చట్రం కట్టాడు, పైన అల్యూమినియం రేకు కప్పాడు. విమాన నిర్మాణం తెలిసిన ఫ్రాంక్ కాస్టిన్ గాలిని చీల్చే ఆకారాన్ని తీర్చిదిద్దాడు. అన్నిటికన్నా ముచ్చటైనది ఇంజన్ కథ. కావెంట్రీ క్లైమాక్స్ కంపెనీ మంటలార్పే పంపు కోసం, మనుషులు మోసుకెళ్లేంత తేలిగ్గా తయారుచేసిన యంత్రానికి మార్పులు చేసి ఈ కారులో బిగించారు. ఆయిల్ ఇంజన్‌తో చేలకు నీళ్లు తోడిన కోనసీమ రైతుకు ఈ తెలివి చప్పున అర్థమవుతుంది.

ఫ్రాన్స్‌లోని లె మాన్‌లో 24 గంటల కార్ల పందెం జరుగుతుంది. 1957లో అక్కడ కేవలం 750 సీసీ ఇంజన్ ఉన్న ఎలెవెన్, ఇంజన్ పరిమాణాన్ని బట్టి పనితీరును లెక్కగట్టే బహుమతిని గెలుచుకుంది. పెద్ద పెద్ద జాగ్వార్ కార్ల మధ్య ఆ బుల్లి బండి సాధించినది నిజంగా గొప్ప గెలుపు.

అదే ఏడాది వచ్చిన లోటస్ సెవెన్ ఇదే తేలికదనాన్ని మామూలు రోడ్డు మీదికి తెచ్చింది. విడిభాగాలుగా కొని, ఇంటి దగ్గరే బిగించుకునేవారు. 1973లో కేటరమ్ సంస్థ దాని హక్కులు తీసుకుంది. ఆ వంశం బండ్లు ఇప్పటికీ తయారవుతున్నాయి.