కుట్టు మిషను సూదికి దారమెక్కించు చేతి సాధనము

వ్యవసాయ విస్తరణ పత్రికలో కుట్టు మిషను సూదిని గూర్చిన వ్యాసమేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. కాని రైతు కుటుంబపు రాబడి పొలము గట్టుతోనే ఆగిపోదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతములలో పత్తి, వరి, మిరప పండించు ఇండ్లలో పెక్కింట ఒక కుట్టు మిషను కలదు. పొలము పని లేని దినములలో రవికలు, లంగాలు, పిల్లల బట్టలు కుట్టి నాలుగు రూపాయలు కూడబెట్టు స్త్రీలు గ్రామ గ్రామమున కానవత్తురు. 2024లో రాష్ట్ర ప్రభుత్వము సర్కారు బడుల పిల్లల ఏకరూప దుస్తులు కుట్టు పనిని మహిళా స్వయం సహాయక సంఘములకు అప్పగించినది. బడులు జూన్‌లో తెరచును గనుక, ఆ పని రోహిణి కార్తెలో ముమ్మరముగా సాగవలసియుండును. మృగశిర ప్రవేశించి తొలకరి పడినచో అవే చేతులు పత్తి గింజలు పెట్టుటకు పోవలెను. కాబట్టి ఆ రెండు వారములలో ప్రతి గంటకు వెల ఉన్నది.

ఒక దినమున దారము తెగిగాని, రంగు మార్చవలసి వచ్చిగాని ఇరువది మార్లు సూదికి దారము ఎక్కింపవలసి వచ్చినదనుకొనుడు. ఒక్కొక్క మారు మూడు నిమిషములు పట్టినచో మొత్తము ఒక గంట వ్యర్థమగును. చిన్న చేతి సాధనముతో ఇదే పనిని అర నిమిషములో ముగింపవచ్చును. దానిని వాడు విధమును ఈ వ్యాసమున తెలుపుచున్నాము.

చత్వారము వచ్చినవారి కష్టము

నలువది ఏండ్లు దాటినవారికి దగ్గరి వస్తువులు మసకగా కనబడుట సహజము. ‘చత్వారము’ అను మాట ఆ నలువది నుండి వచ్చినదే. కంటిలోని కటకము లేబ్రాయమున మెత్తగా ఉండి, దగ్గరి వస్తువును చూచునపుడు ఉబ్బి చూపును నిలుపును. ఏండ్లు గడచిన కొలది అది గట్టిపడును. అప్పుడు సూదిని ముఖమునకు దగ్గరగా తెచ్చిన కొలది మరింత మసకయగును.

చేతి సూదినైనచో వెలుతురులోనికి తీసికొనిపోయి దూరముగా పట్టి చూడవచ్చును; పిల్లవానిని పిలిచి ఎక్కించుమనవచ్చును. మిషను సూది అట్లు కాదు. అది బిగింపబడి యుండును. మనమే మెడ వంచి దాని దగ్గరకు పోవలెను. పైగా మిషను సూదికి బెజ్జము మొన దగ్గర నుండును. 1846లో అమెరికాలో ఎలయాస్ హోవే అను నతడు హక్కు పొందిన మిషనులోనే బెజ్జము మొన దగ్గర నున్నది. 1851లో ఐజక్ సింగర్ తన మిషనుకు హక్కు పొందెను. మన దేశమున 1930 దశకములో కలకత్తాలో ‘ఉషా’ మిషనుల తయారీ ఆరంభమైనది. ఇన్నేండ్లలో మిషనులు ఎన్నో విధముల మారినను, సూది మొన దగ్గరి బెజ్జము మాత్రము మారలేదు.

ఆ బెజ్జము ఎంత సన్ననిది? సూదుల పొట్టము మీద 90/14, 100/16 అని రెండేసి అంకెలుండును. మొదటి అంకె సూది కాడ లావును మిల్లీమీటరులో నూరవ వంతులుగా తెలుపును. అనగా మన దర్జీలు 14 నంబరు అను సూది లావు 0.9 మిల్లీమీటరు. బెజ్జము వెడల్పు సుమారుగా దానిలో ఐదింట రెండు వంతులు మాత్రమే. అనగా మిల్లీమీటరులో మూడవ వంతు కంటె కొంచెము ఎక్కువ. చత్వారము వచ్చిన కంటికి ఇది అందకపోవుటలో వింత లేదు.

దారము ఎటు నుండి ఎక్కవలెను?

సాధనము వాడుటకు ముందు ఈ సంగతిని తెలిసికొనుట ముఖ్యము. మిషను సూదికి ఒక ప్రక్క పై నుండి బెజ్జము వరకు పొడవైన గాడి ఉండును. దానికి ఎదురు ప్రక్కన, సూది తల దగ్గర చదునుగా ఉండును. దారము ఎల్లప్పుడు గాడి ప్రక్కనుండి బెజ్జములో దూరి, చదును ప్రక్కకు రావలెను.

దీనికి కారణము కలదు. సూది గుడ్డలో దిగునపుడు దారము గాడిలో ఒదిగి, గుడ్డకు ఒరయకుండ దిగును. సూది తిరిగి పైకి లేవ మొదలిడినపుడు ఎదురు ప్రక్కన దారము చిన్న ఉచ్చువలె ఉబ్బును. క్రింది షటిల్ కొక్కెము ఆ ఉచ్చును పట్టుకొని బాబిన్ దారముతో ముడివేయును. దారమును తప్పు వైపునుండి ఎక్కించినచో ఉచ్చు సరిగా ఏర్పడదు. కుట్లు జారిపోవును, దారము తెగును. గొర్రు గొట్టములో మన్ను అడ్డుపడినచో సాలులో మొలకలు లేక ఖాళీ పడినట్లే, ఇక్కడ కుట్టులో ఖాళీ పడును. తప్పు సూదిలో నుండగా మిషనును మరమ్మతుకు మోసికొనిపోవువారు కలరు.

కొన్ని మిషనులలో గాడి ముందు వైపునకు, కొన్నిటిలో ప్రక్కకు ఉండును. గోటిని సూది వెంబడి మెల్లగా పై నుండి క్రిందికి జార్చినచో గాడి తెలియును. దీనికి కంటి చూపుతో పని లేదు.

సాధనములలో రకములు

దుకాణములో ‘నీడిల్ థ్రెడర్’ అని అడిగినచో ఇత్తురు. వీనిలో రెండు రకములు వాడుకలో ఉన్నవి.

మొదటిది తీగ రకము. రూపాయి బిళ్ళంత రేకునకు వెంట్రుక వంటి సన్నని ఉక్కు తీగ, పలకలు దీరిన ఉచ్చువలె అమర్చబడి యుండును. తీగ కొన బెజ్జములో దూరునపుడు నొక్కుకొని సన్నమగును. ఆవల వెలువడగానే మరల విచ్చుకొనును. ఇది చవుక.

రెండవది నెట్టుడు రకము. పిడి చివర చిన్న గంటు, ఆ గంటులో సన్నని రేకు ముల్లు ఉండును. ఇది దారమును బెజ్జము గుండా ఆవలికి నెట్టును. చేయి వణకువారికి ఇది అనుకూలము.

తీగ సాధనమును వాడు విధము

1. మిషను తొక్కుడు పలక మీదనుండి కాలు తీసివేయవలెను. కరెంటు మిషనైనచో ప్లగ్గును ఊడదీయవలెను. ఇది ఎన్నడును మరువరాదు.

2. చేతి చక్రమును మీ వైపునకు త్రిప్పి, సూదిని, దారము లాగు మీటను పూర్తిగా పైకి తేవలెను.

3. గుడ్డను అదుము పాదమును పైకి ఎత్తవలెను. అప్పుడు దారమును బిగించు పళ్ళెములు వదులగును. కండె నుండి దారమును తెచ్చి, పళ్ళెముల నడుమగా, మీట రంధ్రము గుండా, సూది దగ్గరి కొక్కెము వరకు వరుసగా నడిపింపవలెను. జానెడు దారమును వదులుగా లాగి ఉంచవలెను.

4. ఇపుడు పాదమును దింపవలెను. సూది చుట్టును చేయి ఆడుటకు చోటు దొరకును.

5. సూది వెనుక కాగితము ముక్కను నిలుపవలెను. నల్ల దారమునకు తెల్ల కాగితము, తెల్ల దారమునకు ముదురు రంగు కాగితము మేలు.

6. తీగ కొనను చదును ప్రక్కనుండి బెజ్జములో దూర్చవలెను. దారము వచ్చు వైపు కాక, దానికి ఎదురు వైపు అని జ్ఞాపకముంచుకొనుడు. తీగ సగము వరకు గాడి ప్రక్కకు వెలువడి విచ్చుకొనును.

7. విచ్చుకొనిన ఉచ్చులో దారపు కొనను రెండంగుళములు దూర్చవలెను. ఈ ఉచ్చు బెజ్జము కంటె ఎన్నో రెట్లు పెద్దది గనుక సులభముగా దూరును.

8. సాధనమును తిన్నగా, మెల్లగా వెనుకకు లాగవలెను. దారము మడత పడి బెజ్జము గుండా తీగ వెంట వచ్చును. ప్రక్కలకు వంచి లాగినచో తీగ రేకు నుండి ఊడును. సూది కూడ వంగును.

9. దారమును తీగ నుండి విడిపించి, పాదమును ఎత్తి, జానెడు దారమును పాదము క్రిందుగా వెనుకకు లాగి ఉంచవలెను. తరువాత పై దారపు కొనను ఎడమ చేత పట్టి, చక్రమును ఒక మారు మీ వైపునకు త్రిప్పినచో బాబిన్ దారము పైకి వచ్చును.

తీగ బెజ్జములో ఉండగా చక్రమును ఎంతమాత్రమును త్రిప్పరాదు.

నెట్టుడు రకమును వాడునపుడు మొదటి ఐదు పనులు ఇవియే. దారమును గంటులో అడ్డముగా పరచి, గంటును గాడి ప్రక్కనుండి సూదికి ఆనించి, పై నుండి క్రిందికి జార్చవలెను. ముల్లు బెజ్జము దగ్గరకు రాగానే చేతికి తగిలినట్లు తెలియును. అచ్చట కొంచెము నొక్కినచో దారము మడతగా ఆవలికి పోవును. సాధనమును తీసివేసి, ఆ మడతను వేలితో వెనుకకు లాగవలెను.

దారపు కొన, పత్తి గుణము

నూలు దారము పత్తిది. పత్తి పోగులు పురి వలననే ఒకటిగా నిలుచును. కొన వద్ద పురి వీడినచో పోగులు విచ్చుకొని బెజ్జము అంచులకు తగులును. పండ్లతో కొరికిన కొన ఇట్లే చిందరవందర యగును. కనుక పదునైన కత్తెరతో ఏటవాలుగా కోయవలెను. కొనను ఉమ్మితో బాగుగా నానబెట్టుట కూడ మంచిది కాదు. పత్తి పోగు నీటిని పీల్చి ఉబ్బును. తడి తగిలించినను, వెంటనే వ్రేళ్ళ నడుమ నొక్కి అణచవలెను. తడి దారమును సూదిలోనే వదలినచో సూది త్రుప్పు పట్టును.

తీగయే దూరనిచో

సూది మరీ సన్ననిది కావచ్చును. 9, 11 నంబరు సూదులలో కొన్ని తీగలు దూరవు. లేదా బెజ్జములో నూలు దుమ్ముగాని త్రుప్పుగాని చేరియుండవచ్చును. ఎక్కించిన దారమును నాలుగు మార్లు ముందుకు వెనుకకు లాగి చూడుడు. దారము నూగు లేచినచో బెజ్జము అంచు గరుకెక్కినదని గ్రహించి సూదిని మార్చవలెను. పాత సూదిని తీయుటకు ముందు దాని చదును ఎటున్నదో చూచుకొని, క్రొత్త సూదిని అటే ఉంచి, పై అంచుకు తగులునంత వరకు ఎక్కించి మర బిగింపవలెను.

సాధనము దొరకనిచో, ఎన్నడును కరెంటుకు తగిలింపని మెత్తని విద్యుత్తు తీగ ముక్కనుండి ఒక్క రాగి పోగును తీసి, నడుమకు మడిచి, రెండు కొనలను మెలిపెట్టుడు. 16, 18 నంబరు సూదులకు ఇది పని చేయును. రాగి మెత్తన గనుక కొన్నాళ్ళకే పాడగును.

పత్తి సంచులకు ఈ మిషనే

పత్తి యేరునపుడు ప్లాస్టిక్ సంచులు వాడుట వలన వాని పోగులు పత్తిలో కలియును. అవి జిన్నింగులో వేరుపడవు; నూలులోను, గుడ్డలోను మచ్చలై కనబడును; పత్తికి విలువ తగ్గును. అందుచేత ఏరుటకు నూలుగుడ్డ సంచులే వాడవలెను. పాత దుప్పటితో వానిని ఇంటి మిషను మీదనే కుట్టుకొనవచ్చును. దానికి 16 లేక 18 నంబరు సూది, నూలు దారము వాడుడు. కుట్టిన పిమ్మట దారపు కొసలను కత్తిరించి ఏరివేయవలెను. రంగు దారపు ముక్క యైనను పత్తిలో పడరాదు. గోనె సంచులకు, గోనె బరకములకు మాత్రము ఇంటి మిషను తగదు. వానికి దబ్బనము, సుతిలి ఉండనే ఉన్నవి.

హెచ్చరిక

ఈ సాధనము కంటి వైద్యమునకు బదులు కాదు. దగ్గరి చూపు తగ్గినవారు పరీక్ష చేయించుకొని అద్దములు పెట్టుకొనవలెను. అద్దములున్నను ఈ సాధనము ఉపయోగపడును. కంటికి శ్రమ తగ్గును. కంటి ముందు పొర క్రమ్మినట్లున్నను, ఒక కన్ను ఉన్నట్టుండి మసకబారినను, అది చత్వారమని ఊరకుండక వెంటనే వైద్యుని చూడవలెను. తీగ మొన కంటికి ప్రమాదము గనుక, పని కాగానే సాధనమును బాబిన్ల డబ్బాలో వేసి పిల్లలకు అందకుండ ఉంచవలెను.

కొడవలికి పదును పెట్టుట, నాగలికి కర్రు వేయించుట రైతునకు ఎట్టి పనులో, కుట్టు మిషనుకు సూది, దారము సరిగా ఉంచుట అట్టి పనియే. మీ ఇంట మిషనును ఎవరు తొక్కినను వారి చేతికి ఈ పుట నిచ్చి, రోహిణి కార్తెకు ముందే ఒక సాధనమును కొని యిండు.