పాత తుపాకి దొరికితే... ముందు కాగితం, తరువాత నూనె

మేడ్చల్, శామీర్‌పేట: బొల్లారం, తిరుమలగిరి దండుకు పొరుగున ఉన్న మన పల్లెలకు ఫౌజు కొత్త కాదు. ‘త్రీనాట్‌త్రీ’ పేరు వినని ఇల్లు అరుదు. పాత పెంకుటిళ్ళు పడగొట్టి ప్లాట్లు వేస్తున్న ఈ రోజుల్లో ఏ అటక మీదనో తాతల నాటి తుపాకి బయటపడితే ఏం చేయాలి? గరుకు కాగితం పట్టి తళతళలాడించాలని మనసు ఉబలాటపడుతుంది. పెద్ద పొరపాటు అక్కడే ఉన్నది.

ఎక్కడిదీ తుపాకి?

లీ అనే ఆయన రూపొందించిన బోల్టు, లండను సమీపంలోని ఎన్‌ఫీల్డు కార్ఖానా పేరు కలిసి ఇది లీ ఎన్‌ఫీల్డు అయినది. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే గొట్టం లోపలి కొలత 303 భాగాలు. అందుకే త్రీనాట్‌త్రీ. 1907 నాటి నమూనాను మన దేశంలో బెంగాలులోని ఇషాపూర్ కార్ఖానాలో తయారు చేశారు. పది తూటాలు పడుతుంది, బరువు సుమారు 4 కిలోలు. 1948 సెప్టెంబరు పోలీసు చర్యలోను, 1962 చైనా యుద్ధంలోను మన జవాన్ల చేతిలో ఉన్నది ఇదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవం నాడు దీనికి వీడ్కోలు పలికారు.

చట్టం మాట

త్రీనాట్‌త్రీ నిషిద్ధ బోరు. మామూలు లైసెన్సు మీద ఇంట్లో ఉంచుకొనరాదు. దొరికిన తుపాకి బోల్టు లాగకుండా, ఎవరి వైపూ గురి పెట్టకుండా దగ్గరి ఠాణాకు కబురు చేయాలి. లోపల తూటా ఉన్నదనే అనుకోవాలి. లైసెన్సుదారు చనిపోతే వారసులు కూడా ఆయుధాన్ని ఠాణాలో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని అప్పగించాలి.

1959 ఆయుధాల చట్టంలో పురాతన ఆయుధాలకు మినహాయింపు లేకపోలేదు. అయితే అది బాగుచేసినా పేలనిదై ఉండాలి. బాగుచేస్తే పేలేది ఎంత తుప్పు పట్టినా తుపాకే. మరమ్మతు పని లైసెన్సు గల కారిగరే చేయాలి.

శుభ్రం చేసే తీరు

లైసెన్సు మీద .315 రైఫిలు ఉన్న రైతులకు పాత సిపాయిల పద్ధతి నేటికీ పనికివస్తుంది. ముందు మ్యాగజీను తీసి, బోల్టు తెరచి, గొట్టం ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి తేల్చుకోవాలి.

పాత రకం తూటా పేలినప్పుడు గొట్టంలో ఒక విధమైన ఉప్పు మిగులుతుంది. జాడీలో ఉప్పు వానాకాలం చెమ్మ పీల్చినట్లే ఇదీ పీల్చి ఇనుమును తింటుంది. నూనెకు ఉప్పు కరగదు, నీటికే కరుగుతుంది. అందుకే సిపాయిలు గొట్టంలో మరిగే నీళ్ళు పోసేవారు. ఆ వేడికే గొట్టం త్వరగా ఆరుతుంది. పిదప తాడుకు గుడ్డ కట్టి లాగి, పలుచగా నూనె పట్టించేవారు.

పైన ఉన్న ఎర్ర తుప్పుకు నూనె రాసి నాననిచ్చి, పాత రాగి పైసా అంచుతో మెల్లగా గీకితే చాలు. రాగి ఇనుముకంటె మెత్తన, గీతలు పడవు. నల్లబడిన రంగును అలాగే వదిలివేయాలి. కర్రకు వార్నిషు వద్దు. అవిసె నూనె నాలుగు చుక్కలు అరచేతితో మర్దనా చేయాలి.

నంబరు చెరిపితే నేరం

గరుకు కాగితం ఎందుకు కూడదంటే, తుపాకి పుట్టుక అంతా ఇనుము మీద కొట్టిన ముద్రలోనే ఉన్నది. కార్ఖానా పేరు, సంవత్సరం, నంబరు అక్కడే ఉంటాయి. ఆ ముద్రను చెరిపివేయడం ఆయుధాల చట్టం 8వ సెక్షను ప్రకారం నిషిద్ధం. తుప్పు వదిలించబోయి నంబరు పోగొట్టుకున్నవాడు తాత జ్ఞాపకాన్ని నిలుపుకోలేడు, ఠాణాలో జవాబూ చెప్పుకోలేడు.