నెల్లూరు మెట్టకు నిప్పిచ్చిన చిల్లచెట్టు

చలికాలానికి కట్టెలు కొట్టి దాచుకోవడం మీద ముఖచిత్ర కథనం కావాలని ఎడిటర్‌గారు చెప్పారు. అయితే నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో చలికని ఎవరూ కట్టెలు దాచరు. దాచేది ముసురుకు, పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లకు. ఇక్కడ అసలు వాన ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక అల్పపీడనం వెనకే ఇంకొకటి వస్తుంది. ముసురు పట్టిందంటే నాలుగు రోజులు ఎండ ముఖం కనపడదు. తడి కట్టెతో పొయ్యి రాజుకోదు, ఇల్లంతా పొగే. అందుకే ఎండలున్నప్పుడే కొట్టి, ఆరబెట్టి, వాన మొదలయ్యేలోగా వసారా కిందికో రేకుల కిందికో చేర్చుకోవాలి. దుంగలు అడుగున, చిదుగులు పైన.

ఆ పోగులో ఎక్కువ భాగం చిల్లకట్టె. సర్కారు తుమ్మ అన్నా అదే చెట్టు. చెరువులో మొలిచిందని, బీడు కమ్మేసిందని, ముల్లు గుచ్చుకుంటే చీము పట్టిందని దాన్ని తిట్టని రైతు ఉండడు. నాకు మాత్రం ఆ చెట్టంటే గౌరవం. దాని పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతూ పోతే ఈ కథనమంతా ఒక ఉత్తరం చుట్టూ తిరిగింది.

1876లో మద్రాసు రాజధానిలో అటవీ సంరక్షకుడు లెఫ్టినెంట్ కల్నల్ రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ రెవెన్యూ శాఖ కార్యదర్శికి రాసిన ఉత్తరం అది. అమెరికా ఖండపు మెట్టనేలల్లో పెరిగే ఈ ముళ్ళచెట్టు విత్తనాలు తెప్పించమని అందులో అడిగాడు. నీళ్ళు లేని నేలల్లో తొందరగా ఎదుగుతుంది, వంటచెరకుకు పనికొస్తుంది అన్నది ఆయన వాదన. ఆయన చెట్లు తెలియని మనిషి కాడు. దక్షిణాది వృక్షాల మీద పెద్ద గ్రంథం వేసినవాడు. శేషాచలం కొండల్లో మాత్రమే పెరిగే ఒక సైకస్ జాతి మొక్కకు శాస్త్రజ్ఞులు ఆయన పేరే పెట్టారు. ఈ అడవుల్లో ఏముందో తెలిసినవాడే బయటి చెట్టు కావాలన్నాడంటే, అప్పటికే మన చెట్లు ఎంతగా పొయ్యిలోకి పోతున్నాయో ఊహించుకోవచ్చు. మద్రాసు రైల్వే ఇంజన్లు కూడా ఆ రోజుల్లో కట్టెలు తిని నడిచినవే.

ఉత్తరం మీది సంవత్సరాన్ని కూడా చూడాలి. 1876 అంటే ధాత నామ సంవత్సరం. ధాత కరువు మొదలైన ఏడు. గింజలైతే ఓడల్లో, రైళ్ళలో ఎక్కడినుంచైనా దిగుతాయి. వాటిని ఉడికించే కట్టె మాత్రం ఊరి పక్కనే దొరకాలి. బెడ్డోమ్ కరువును తలచుకుని రాశాడని నేననను. కానీ జనం పిడికెడు గింజల కోసం అల్లాడుతున్న ఏడాదిలో సర్కారు బల్ల మీదికి వంటచెరకు గురించిన కాగితం చేరిందన్న సంగతిని పక్కన పెట్టలేకపోతున్నాను. మరుసటి ఏడాది, 1877లో, కడప జిల్లా కమలాపురంలో ఆ మొక్కలు నాటారు. అక్కణ్ణుంచి తూర్పుగా వచ్చి వెలిగొండలు దాటితే ఉదయగిరి. ఆ తరవాత పని మేకలు చేశాయి. తియ్యటి కాయ తిని, గట్టి గింజను పెంటికలో వదిలి, చెట్టును కొండవాలు నుంచి చెరువుగట్టు దాకా నడిపించాయి.

నరికితే మోడు నుంచి మళ్ళీ చిగురు వేస్తుంది. మూడు నాలుగేళ్ళకు మళ్ళీ కొట్టుకోవచ్చు. కట్టె బరువు, నిప్పు నిదానం, సెగ ఎక్కువ. ఆ సెగ విలువ తెలియాలంటే బ్యారన్ దగ్గర నిలబడాలి. ఉదయగిరి వైపు కలిగిరిలోనూ, ఆత్మకూరు వైపు మర్రిపాడు మండలం డీసీపల్లిలోనూ పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. ఆ చుట్టుపక్కల వర్జీనియా పొగాకు రైతుకు చలికాలమంటే కట్టెల కాలమే. జనవరిలో ఆకు రెలుపులు మొదలయ్యేలోగా బ్యారన్ పక్కన కట్టె పేర్చి ఉండాలి. రెలిచిన ఆకును కర్రలకు అల్లి లోపల వేలాడదీశాక, గొట్టాల్లో పోయే వేడి మీదే పంట ధర నిలుస్తుంది. మొదట 95–100 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఆకు పసుపెక్కాలి. తొందరపడి మంట పెంచితే పచ్చగానే ఎండిపోతుంది. తరవాత మెల్లగా పెంచుకుంటూ 160 దాకా తీసుకుపోతేనే ఈనె ఆరుతుంది. అయిదారు రోజుల పని. రాత్రుళ్ళు కూడా ఎవరో ఒకరు పొయ్యి దగ్గరే. కిలో ఆకుకు సుమారు నాలుగైదు కిలోల కట్టె కావాలి. ఒక విడతకు 300 కిలోల ఆకు దిగిందనుకుంటే టన్నుకు పైగా కట్టె బూడిదవుతుంది. పచ్చికట్టె వేస్తే అందులోని నీళ్ళు ఆవిరి కావడానికే మంటలో కొంత పోతుంది. అందుకే నెలల ముందు కొట్టి ఆరబెట్టేది. చిల్లకట్టెతోపాటు జామాయిలు, సుబాబుల్, సరుగుడు కూడా వస్తాయి. చిల్లచెట్టే లేకుంటే ఈ ఆకలి వెలిగొండ అడవి మీద పడేది. నా గౌరవానికి కారణం ఇదే.

చెరువుల్లో అది చేసిన నష్టం నిజం. పూడికతీత పనుల్లో దాన్ని పెకలించడమూ సబబే. పక్కన తమిళనాడులో దీన్ని తొలగించమని హైకోర్టే ఆదేశించింది. నా కోపం చెట్టు మీద కాదు, దాన్ని కొట్టేవాళ్ళ బతుకు పట్ల మన ఉదాసీనత మీద. పంగల కర్రతో ముళ్ళకొమ్మను పక్కకు నెట్టి, మొదట్లో గొడ్డలి వేసేవాళ్ళలో ఈ జిల్లాలో ఎక్కువమంది యానాదులు. అడ్వాన్సు తీసుకుని, అది తీరేదాకా కుటుంబమంతా కంప కొట్టే పద్ధతిని 1976 వెట్టిచాకిరీ నిషేధ చట్టం నేరమని చెప్పింది. ఆ చట్టం అడితి దాకా చేరిందా అన్నది అధికారులు బొగ్గుబట్టీల దగ్గరికి, తోటల దగ్గరికి వెళ్ళి అడగాల్సిన ప్రశ్న.

వంటచెరకు చరిత్ర కూడా నాలుగు మాటల్లో.  1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి కొండకట్టెకు హద్దులు గీసింది. 1999లో దీపం, 2016లో ఉజ్వల గ్యాస్ పథకాలు, 2024లో ఉచిత సిలిండర్లు వచ్చాయి. అయినా నీళ్ళు కాగేది, పెళ్ళివంట ఉడికేది చాలా ఊళ్ళలో కట్టె మీదే.

బొగ్గుబట్టీ

కొట్టిన చిల్లకట్టెను గుండ్రంగా పేర్చి, గడ్డి కప్పి, మట్టి మెత్తి, లోపల నిప్పు పెడతారు. గాలి చాలకుండా రోజుల తరబడి మగ్గాలి. మట్టి ఎక్కడ కుంగినా వెంటనే పూడ్చాలి, లేకపోతే కట్టె బూడిదవుతుంది. నాలుగైదు కిలోల కట్టెకు కిలో బొగ్గు దక్కుతుంది. పొగ మాత్రం కాపలా ఉన్నవాళ్ళ ఊపిరితిత్తులకు.

ఉదయగిరి చెక్క చెంచాలు

ఉదయగిరిలో పొయ్యిలోకి పోని చెక్క కూడా ఉంది. దుర్గం కొండల్లోని నర్ది, బిక్కి, కల్ది, పాలబరికి కట్టెతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతారు. భౌగోళిక గుర్తింపు పొందిన పని ఇది. చేసేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. చిల్లచెట్టులా అవి తొందరగా ఎదగవు. కొండ మీద ఆ నాలుగు జాతులనూ పనిగట్టుకుని నాటించాలని అటవీ శాఖను కోరుతున్నాను.