కామాఠిపురము గోడలు - సున్నపు వెల్ల

ముంబయిలో కామాఠిపురమను పేరు వినినంతనే పలువురకు తోచు తలంపు ఒకటి. ఆ పేరునకు మూలమైన చరిత్ర వేరొకటి. 18వ శతాబ్ది చివర హార్న్‌బీ వెలార్డు అను కట్ట పూర్తియై సముద్రపు పోటు అరికట్టబడిన పిమ్మట, ఆ వెనుకనున్న పల్లపు నేలలు క్రమముగా పూడ్చబడి నివాసయోగ్యములైనవి. నైజాము రాజ్యమందలి తెలుగు సీమనుండి వలసవచ్చిన కామాఠీలు అచ్చట కాపురములు పెట్టుకొనిరి. కట్టుబడి కూలియే వారి జీవనాధారము. కాలక్రమమున మన తెలుగువారిలో కొందరు కంట్రాక్టరులై, 1873లో జోతీరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు అండగా నిలిచిరి. ఈ నగరపు పాతగోడలలో మనవారి చెమట కలదనుట అతిశయోక్తి కాదు. అట్టి గోడలను నేడు మనమే తెలియక పాడుచేసికొనుచుండుట విచారకరము.

మిగిలియున్న పాత చాళ్లలో పెక్కింటికి ఇటుక గోడలు, సున్నపు గచ్చు, కొయ్య దూలములు ఆధారములు. వానాకాలము గడచినంతనే గచ్చు పెచ్చులూడును. అద్దెదారులు చందాలు వేసికొని, ఊడినచోట సిమెంటు మెత్తించి, పైన ప్లాస్టిక్ రంగు పూయింతురు. ఆ యేడు గోడ కన్నులపండువుగా నుండును. రెండు మూడు వానాకాలములు గడచునప్పటికి రంగు బుడగలెక్కును. సిమెంటు పలకలుగా విడివడి, పాత ఇటుక పైపొరను కూడ పెరుకుకొని వచ్చును. మరల చందా, మరల సిమెంటు! నేరము గోడది కాదు, పూతది.

కారణము గ్రహించుట కష్టము కాదు. ముంబయిలో ఏటా 2,000 మిల్లీమీటర్లకు మించి వాన కురియును. పాత గోడలు పైనుండి వానను, పునాదినుండి నేల చెమ్మను పీల్చుకొనును. సున్నపు గచ్చు ఆ చెమ్మను ఎండకాలమున తిరిగి గాలికి విడిచిపెట్టును. సిమెంటు అంత సులభముగా విడువదు. ప్లాస్టిక్ రంగు దారిని మరింత మూసివేయును. లోపల చిక్కిన నీరు గోడ వెంట పైకి ప్రాకును. అందలి లవణములు పూత వెనుక స్ఫటికములై దానిని బయటికి నెట్టును. అన్నిటికంటె అపాయమేమనగా, గోడలో దిగిన దూలపు కొనలు నిరంతరము తడిలో నాని కుళ్లును. పైకి రంగు మెరయుచుండగా లోన ఇల్లు కూలుటకు సిద్ధమగును.

సున్నపు వెల్ల గుణము వేరు. కాల్చిన సున్నపురాయి నీటితో విరిసి, గోడపై పూసిన పిమ్మట గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మరల సన్నని రాతిపొరగా మారును. ఆ పొర చెమ్మను బంధింపదు. దాని క్షారగుణము బూజును పెరుగనీయదు. ప్రభుత్వ నిర్మాణ శాఖల నియమము ఇట్లున్నది: కిలో పొడిసున్నమునకు సుమారు 5 లీటర్ల నీరు కలిపి, 24 గంటలు నిలువయుంచి, ముతకగుడ్డతో వడగట్టవలెను, ప్రతి 10 లీటర్లకు 40 గ్రాముల బంకను వేడినీట కరగించి చేర్చవలెను. కొత్త గచ్చునకు మూడు పూతలు కావలెను. గోడను ముందుగా తడిపి, పలుచగా పూసి, ఒక పూత ఆరిన పిమ్మటనే మరియొకటి వేయవలెను. సున్నము విరియునపుడు సలసల కాగును గనుక బిడ్డలను దూరముగా నుంచి, కన్నులను కాపాడుకొనవలెను.

అయితే వెల్లయే సర్వరోగ నివారిణి యని మేము చెప్పము. ప్లాస్టిక్ రంగుపై సున్నము పట్టదు. ముందుగా దానిని గీకివేయవలెను. ఊడిన చోట్ల సిమెంటునకు మారుగా సున్నపు గచ్చే చేయింపవలెను. వానకు నేరుగా తడియు గోడలకు తరచుగా వెల్ల వేయక తప్పదు. వర్లీ మొదలగు చోట్లనున్న బి.డి.డి. చాళ్లు 1920 దశకమునాటి కాంక్రీటు కట్టడములు. లోని ఇనుము త్రుప్పుపట్టుట వాని వ్యాధి, దానికి మందు వేరు. బీటలు వారిన గోడకు, వంగిన దూలమునకు వెల్ల వేయుట రోగిని అలంకరించుటయే. 2017 ఆగస్టు 31న భేండీబజారులో హుసేనీ భవనము కూలి 33 మంది మరణించిరి. కావున ఇంజనీరు పరీక్ష ముందు, కుంచె తరువాత.

ఇక చట్టము మాట. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టపు 14వ సెక్షను ప్రకారము మరమ్మతు యజమాని బాధ్యత. 15 దినములకు తక్కువగాని గడువుతో నోటీసు ఇచ్చినను అతడు కదలనిచో, అద్దెదారులే పని చేయించి ఖర్చును అద్దెలో మినహాయించుకొనవచ్చును. కాని ఆ మొత్తము ఏటి అద్దెలో నాల్గవవంతు మించరాదు. దశాబ్దములుగా కదలని పాత అద్దెలలో నాల్గవవంతు ఎంత? దానితో ఖరీదైన రంగులు రావు, సున్నము వచ్చును. పెద్ద మరమ్మతులకు సెస్సు భవనముల విషయమున మ్హాడా మరమ్మతుల మండలి యున్నది; 1969 నాటి చట్టము ఉద్దేశించినది అందులకే.

"కూల్చబోవు ఇంటికి వెల్ల యేల?" అని కొందరందురు. కామాఠిపుర పునర్నిర్మాణము తలపెట్టబడిన మాట నిజమే. కాని వర్లీ బి.డి.డి. చాళ్ల పనికి 2017లో శంకుస్థాపన జరుగగా, మొదటి 556 కుటుంబములకు తాళపుచెవులు అందినది 2025 ఆగస్టులో. ఎనిమిది వానాకాలములు! కొత్త ఇల్లు కాగితముపై నున్నంతకాలము పాత గోడ నీడనే బిడ్డలు నిద్రింపవలెను.

హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధులపై మెత్తిన సిమెంటును తొలగించి తిరిగి సున్నపు గచ్చు చేసిరి. రాజుల సమాధులకు దక్కిన శ్రద్ధ కూలీల బ్రతుకుటిండ్లకు దక్కరాదా? ఈ రాజధానియందలి తెలుగు ఇంజనీరులు వానలు వెలిసిన పిమ్మట ఒక్కొక్క ఆదివారము ఒక్కొక్క చాలును పరీక్షింతురు గాక! న్యాయవాదులు నోటీసులు వ్రాసియిత్తురు గాక! నగరమును కట్టినవారి వంశీకులకు మనము తీర్పగల ఋణములలో ఇది మిక్కిలి చౌకయైనది.